వలీబీ సబ్జా షర్బత్

జగ్గయ్యపేట,
5-3-1979

ప్రియమైన భారతికి,

నువ్వు బాగున్నావని, పొద్దస్తమానం మైక్రోస్కోపులోకి వంగి మెడనొప్పి తెచ్చుకుంటున్నావని తలుస్తాను. ఇక్కడ నేనూ అమ్మా క్షేమం. నాకు మాత్రం పెద్ద చిక్కు వచ్చిపడింది.

మా సైన్సు మాస్టారికి మైలవరంలో గవర్నమెంటు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారు. హెడ్మాస్టరు దశరథరామయ్య గారు నన్ను పిలిచి, "షాజాదమ్మా, ఏడో తరగతి సైన్సు ఇక నువ్వే చెప్పాలి" అన్నారు. "నేను తెలుగు టీచర్నండి" అన్నాను. "సైన్సు పుస్తకం కూడా తెలుగులోనే ఉంది కదమ్మా" అన్నారు. ఏం చెప్పను?

ఇక మిగిలి ఉన్న పాఠం సూక్ష్మజీవులు. మొన్న బోర్డు మీద 'బాక్టీరియా, వైరస్' అని రాసాను. ఆ రెంటికీ తేడా ఏమిటో నాకే తెలియదు. చాక్‌పీసు అయిపోయిందని చెప్పి స్టాఫ్‌రూముకి పారిపోయాను. చాక్‌పీసు చేతిలోనే ఉంది! పిల్లలు చూసి నవ్వారు. నన్ను గట్టెక్కించు. నాకు అర్థమయ్యేలా, అంటే మా అమ్మకి అర్థమయ్యేలా రాయి.

అమ్మ శివరాత్రి మర్నాడే బడి గేటు దగ్గర సబ్జా షర్బత్ మొదలుపెట్టింది. నాన్న పోయినప్పటి నుంచి ఏ వేసవీ మానలేదు కదా. ఇంటర్వెల్ గంట కొడితే పిల్లలు నా పాఠం నుంచి ఆమె కుండ మీదికి దూకుతారు. నిన్ను అడిగానని చెప్పమంది.

నీ
షాజాది


నందిగామ,
9-3-1979

షాజాదీ,

నీ జాబు ఆసుపత్రి ల్యాబులో చదివి గట్టిగా నవ్వితే, రక్తం ఇవ్వడానికి వచ్చిన ముసలాయన భయపడి లేచిపోయాడు. మళ్ళీ బతిమాలి కూర్చోబెట్టాను.

విను. రాత్రి పాలలో తోడు వేస్తే పొద్దున్నకి పెరుగవుతుంది. ఆ పని చేసింది బాక్టీరియా. ఒకే ఒక్క కణం, అదే దాని ఒళ్ళంతా. తిండి దొరికితే ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అందరూ చెడ్డవాళ్ళు కారు. పాలు తోడు పెట్టేదీ, మనుషుల్ని మంచాన పడేసేదీ ఆ జాతిలోనే ఉన్నాయి. వైరస్ అంతకంటే చాలా చిన్నది. నా మైక్రోస్కోపుకి కూడా కనపడదు. దానికి సొంత సంసారం లేదు. ఇంకొకరి కణంలో దూరితే తప్ప పిల్లల్ని పెట్టలేదు. జలుబు, ఆటలమ్మ, పోలియో దాని పనే. నిలవ పచ్చడి మీద బూజు ఉంటుందే, అది శిలీంధ్రం. మలేరియాది ఇంకో జాతి. అది దోమనెక్కి ఊరేగుతుంది.

ఆటలమ్మ ఒకసారి పోసినవాళ్ళకి సాధారణంగా మళ్ళీ పొయ్యదు. ఒంటికి ఆ శత్రువు మొహం గుర్తుండిపోతుంది. దాన్నే రోగనిరోధక శక్తి అంటారు. టీకా అంటే రోగం రాకముందే ఒంటికి ఆ మొహం చూపించడం. ఇంతే. ధైర్యంగా చెప్పు. రానిది ఉంటే చాక్‌పీసు దాచకుండా నాకు రాయి.

పిన్నిని అడిగానని చెప్పు. ఆ షర్బత్ తలుచుకుంటే ఇక్కడి సోడా గొంతు దిగడం లేదు.

భారతీదేవి


జగ్గయ్యపేట,
20-3-1979

ప్రియమైన భారతికి,

గెలిచాను! పెరుగు కుండ తీసుకుపోయి పాఠం మొదలుపెట్టాను. పిల్లలు కదిలితే ఒట్టు. చిల్లకల్లు నుంచి వచ్చే పుష్పవతి అనే పిల్ల, రత్తయ్య గారనే రైతు కూతురు, లేచి "టీచర్, మనకి బాక్టీరియా వల్ల జ్వరం వస్తది గదా, మరి బాక్టీరియాకి జ్వరం రాదా?" అంది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు, ఎందుకంటే నాకు తెలియదు. నీకు తెలుసా?

ఒకటే దిగులు. అంత చలాకీ పిల్ల గురువారం నుంచి బడికి రాలేదు. ఆమెతో కలిపి నలుగురు జ్వరంతో పడుకున్నారు. రోజురోజుకీ జ్వరం మెట్టెక్కినట్టు ఎక్కుతోందట. డాక్టరు టైఫాయిడ్ అన్నారట. వాళ్ళ రక్తం నీ దగ్గరికే వస్తుందేమో చూడు. ఒంటిపూట బళ్ళు మొదలయ్యాయి. క్లాసు బోసిగా ఉంది, అమ్మ కుండ దగ్గరా సందడి తగ్గింది.

షాజాది


నందిగామ,
23-3-1979

షాజాదీ,

వచ్చింది. నలుగురిది కాదు, మీ బడి పిల్లలవే ఏడు వచ్చాయి. ఏడింటికీ పరీక్ష టైఫాయిడ్ అనే చెప్పింది. కంగారుపడకు. క్లోరాంఫెనికాల్ అనే మందు మొదలుపెట్టారు. వేళకి పట్టుకున్నారు కాబట్టి లేచి తిరుగుతారు. పుష్పవతి జ్వరం అప్పుడే దిగుముఖం పట్టిందట. ఆ పిల్లతో చెప్పు: బాక్టీరియాని కూడా వైరస్ పట్టుకుంటుంది. దానికీ దాని పాట్లున్నాయి.

ఇక నాకు నీ సాయం కావాలి. టైఫాయిడ్ గాలిలో రాదు, నోటి ద్వారానే లోపలికి పోతుంది. పోగానే జ్వరం రాదు. కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు వారం, రెండు వారాలు లోపల పొదుగుతుంది. దాన్నే పొదిగే కాలం అంటాం. అంటే ఈ పిల్లలందరూ మార్చి మొదట్లో ఒకే చోట ఏదో తినో తాగో ఉండాలి. ఎవరెవరు ఏ నీళ్ళు తాగారో, ఎక్కడ ఏం తిన్నారో అడిగి రాయి. జ్వరం రానివాళ్ళని కూడా అడుగు.

ఒక మాట గుర్తుపెట్టుకో. ఎప్పుడో టైఫాయిడ్ వచ్చి తగ్గిన కొందరిలో ఆ క్రిమి చావదు. కాలేయం కింది పైత్యపు తిత్తిలో ఏళ్ళ తరబడి కాపురం ఉంటుంది. వాళ్ళకి నలత ఉండదు, రాయిలా ఉంటారు. అది మాత్రం అప్పుడప్పుడు విరేచనంలో బయటికొచ్చి, వాళ్ళ చేతి నుంచి ఇంకొకరికి పోతుంది. వాళ్ళని వాహకులు అంటారు. పాపం వాళ్ళకే తెలియదు. ఊళ్ళో వంటలు చేసేవాళ్ళ గురించి కూడా కనుక్కో.

భారతి


జగ్గయ్యపేట,
29-3-1979

భారతికి,

అడిగినవి రాస్తున్నాను. జ్వరం వచ్చినవాళ్ళు ఇప్పటికి పదకొండు మంది. అయిదుగురివి బావి నీళ్ళు, ఆరుగురివి కుళాయి నీళ్ళు. పాలు వేరువేరు ఇళ్ళవి. ముగ్గురు వేదాద్రి గుడికి వెళ్ళి వచ్చారు, మిగతావాళ్ళు వెళ్ళలేదు. పెళ్ళి భోజనాలేమీ లేవు. అందరికీ కలిసేది ఏదీ కనపడలేదు.

పరీక్ష పేపర్లు దిద్దుకోవాలి. ఉంటాను.

షాజాది


నందిగామ,
1-4-1979

షాజాదీ,

నీ జాబు నాలుగుసార్లు చదివాను. పిల్లలు ఇంట్లో తాగిన నీళ్ళు రాసావు, గుడికి పోయింది రాసావు. పెళ్ళి భోజనాల మాట కూడా వదల్లేదు. ఇంటర్వెల్ మాత్రం లేదు. పిన్నిని గురించి ఒక్క ముక్క లేకుండా నువ్వు రాసిన మొదటి జాబు ఇది.

నేను ఇంకేమీ అడగను. నువ్వే రాయి.

నీ భారతి


జగ్గయ్యపేట,
4-4-1979

భారతీ,

పదకొండు మందీ తాగారు. తాగనివాళ్ళలో ఒక్కరికీ జ్వరం రాలేదు. ఆ లెక్క నేనే కట్టాను, నేనే చింపి పొయ్యిలో వేసాను.

పన్నెండేళ్ళ కిందట అమ్మకి సన్నిపాత జ్వరం, అదే ఈ టైఫాయిడే, వచ్చి జుట్టంతా రాలిపోయింది, నీకు గుర్తుందో లేదో. నీ జాబులో వాహకులన్న మాట చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. అమ్మ చేత్తోనే నిమ్మకాయలు పిండుతుంది, నానిన సబ్జాని చేత్తోనే కలుపుతుంది. చేతులు కడుక్కుంటుంది కానీ ఉత్త నీళ్ళతోనే.

గేటు దగ్గర అమ్మకాలు వద్దన్నారని హెడ్మాస్టరు గారి మీద అబద్ధం పెట్టి, ఆ జాబు అందిన రోజే ఆపించాను. ఇక ఎవరికీ రాదు. అది చాలదా? డాక్టరుకి చెప్పొద్దు. నాన్న పోయాక ఆ కుండతోనే అమ్మ నాకు ట్రైనింగు చదువు చెప్పించింది. రేపు "వలీబీ పిల్లలకి విషం పోసింది" అని ఒక్కరంటే చాలు, ఊరంతా అంటుంది. ఈ ఊళ్ళో ఎలా తలెత్తుకోవాలి?

నువ్వు నాకు జాబులు రాసేది నా స్నేహితురాలిగానా, ఆసుపత్రి మనిషిగానా? అది చెప్పు.

షాజాది


నందిగామ,
6-4-1979

షాజాదీ,

రెండూను. విడదీయడం నాకు చేతకాదు.

మా డాక్టరు జగన్నాథరావు గారికి చెప్పేసాను. నువ్వు తిట్టుకో. షర్బత్ ఆపితే చాలదే. రేపు ఆమె అన్నం వడ్డించదా? నీకు ముద్ద కలిపి పెట్టదా? ఇంకో పిల్లకి వస్తే, ఆ పిల్ల లేవకపోతే, అప్పుడు పిన్నికి ఏం చెప్తాం? ఆయన అంతా విని, "పేరు నా పుస్తకంలో ఉంటదమ్మా, ఊళ్ళోవాళ్ళ నోట్లో ఉండక్కర్లేదు" అన్నారు. విరేచనం సీసాలో పెట్టి పరీక్షకి గుంటూరు పంపాలి. అక్కడ క్రిమికి తిండి పెట్టి పెంచి చూస్తారు, కల్చర్ అంటారు. ఉందని తేలితే ఆరు వారాలు బిళ్ళలు మింగాలి. చాలామందికి దాంతో పోతుంది. జైలూ లేదు, జరిమానా లేదు.

ఇది ఆమె చేసిన తప్పు కాదు. ఆమెకి తెలియకుండా ఆమె ఒంట్లో జరిగింది. ఆమె ఒళ్ళు కాబట్టి ఆమెకే ముందు తెలియాలి. నువ్వు చెప్పు. నీకు నోరు రాకపోతే ఆదివారం వచ్చి నేను చెప్తాను.

భారతి


జగ్గయ్యపేట,
10-4-1979

భారతమ్మకి వలీబీ పిన్ని సలాం చెప్పి రాయించేది.

షాజాది ఏడుస్తా రాస్తంది. అక్షరాలు అలుక్కుపోతే నా తప్పు కాదు.

శనివారం సాయంత్రం చెప్పింది. నేను నమ్మలా. నాకు దగ్గొచ్చి కూడా ఏళ్ళయింది, నాకు జబ్బేంటని అరిచా. ఆనక మూడు రోజులూ నా చేతులు చూసుకుంటా కూచున్నా. ఈ చేతుల్తో ఎంతమందికి పెట్టానో లెక్క లేదు. పెట్టిన చెయ్యి అంటే ఈ ఊళ్ళో ఎంత మర్యాదో నీకు తెలుసు.

నిన్న నాకు ఇంకో సంగతి తట్టింది. నిజం చెప్పు, నా మీద ఒట్టు. నాకు జ్వరం తగ్గిన మరుసటేడు, నువ్వు తొమ్మిదో తరగతిలో, మీ అమ్మావాళ్ళు ఊరెళ్తే నెల రోజులు మా ఇంట్లో ఉన్నావు. నా దగ్గర్నించి పోయాక మంచాన పడ్డావు. విజయవాడ ఆసుపత్రిలో పెట్టారు. నేను రోజా ఉపాసం ఉండి నీ కోసం దువా చేశా. ఆ జ్వరం నా చేతిదేనా?

అది చెప్పు ముందు. సీసాల సంగతి తర్వాత.

వలీబీ


నందిగామ,
12-4-1979

పిన్నికి నమస్కారాలు.

నువ్వు ఒట్టు పెట్టావు కాబట్టి దాచను. అయ్యుండొచ్చు పిన్నీ. పన్నెండేళ్ళ కిందటి జ్వరమని షాజాది రాసిన రోజే నాకు తట్టింది. రాయడానికి మనసొప్పక ఊరుకున్నాను. దాచినందుకు నువ్వే నన్ను తిట్టాలి.

ఆ జ్వరం సంగతి ఎవరికీ చెప్పనిది ఒకటుంది, ఇప్పుడు చెప్తాను. ఆసుపత్రిలో ఒకాయన నా వేలి నుంచి రక్తం తీసుకున్నాడు. "దాన్నేం చేస్తారు?" అని అడిగాను. పిల్లని కదా, కసురుతాడనుకున్నాను. జ్వరం తగ్గాక ఆయన నన్ను తీసుకుపోయి మైక్రోస్కోపులో చూపించాడు. ఎర్రటి గుండ్రాలు, పరిచిన రాగి కాసుల్లా. నా లోపల ఇంత ఉందా అనిపించింది. ఇంటికొచ్చి నాన్నతో చెప్పేసాను, నేను ఈ పనే చేస్తానని. ఆ జ్వరం రాకపోతే ఇవాళ నేనెవరినో నాకు తెలియదు. అందుకని నాకు బాకీ ఉన్నాననుకోకు.

నీ చేతుల్లో ఏ తప్పూ లేదు. ఒక క్రిమి నీ ఇంట్లో చెప్పకుండా దూరింది. ఇద్దరం కలిసి దాన్ని వెళ్ళగొడదాం. ఆదివారం మొదటి బస్సుకి సీసాలు పట్టుకొస్తున్నాను. నాకు ఏమీ వండొద్దు. టిఫిను నేనే తెస్తాను, నువ్వు నా చేతిది తిను.

నీ భారతి


జగ్గయ్యపేట,
22-4-1979

ప్రియమైన భారతికి,

క్రిమి ఉందని రాసిన నీ కార్డు శుక్రవారం వచ్చింది. అమ్మకి చదివి వినిపించాను. వినీ వినగానే లేచి మొహం కడుక్కుని, మంచి చీర కట్టుకుని, "పద" అంది. "ఎక్కడికి?" అన్నాను. "పదకొండు ఇళ్ళకి. డాక్టరు గారు పేరు దాస్తానన్నారు, మంచాయన. నేను మాత్రం దాచలేను" అంది.

ఎంత చెప్పినా వినలేదు. రెండు రోజుల్లో పదకొండు ఇళ్ళకీ వెళ్ళాం. ఒక ఇంట్లో తలుపు వేసుకున్నారు. ఒక ఇంట్లో కుర్చీ వేసి కూర్చోమన్నారు. మనవడికి జ్వరం వచ్చిన పుల్లమ్మ గారనే ముసలామె అమ్మ చేతులు పట్టుకుని, "నీకెంత కష్టమొచ్చిందే వలీబీ" అని ఏడ్చింది. అమ్మే ఆమెని ఊరుకోబెట్టింది.

చివరిది చిల్లకల్లులో రత్తయ్య గారి ఇల్లు. అమ్మ వాకిట్లో నిలబడే చెప్పింది. ఆయన అంతెత్తున లేచాడు. "నా కూతుర్ని చంపబోయి ఇప్పుడొచ్చి చెప్తన్నావా? పధ్నాలుగు రోజులు దాని మంచం పక్కన నేనెట్టా ఉన్నానో నీకు తెలుసా?" అన్నాడు. చుట్టుపక్కలవాళ్ళు గుమికూడారు. ఆయన భార్య రత్తమ్మ స్తంభం దగ్గర నిలబడింది. నేను రెండడుగులు వెనక్కి వేసాను. అమ్మ మాత్రం కదల్లేదు, తలా దించలేదు.

అప్పుడు పుష్పవతి లోపలినుంచి వచ్చింది. సన్నబడింది, నెత్తిన గుడ్డ కట్టుకుంది. "నాన్నా, వలీబీగారు వాహకులు. వాహకులకి జ్వరం రాదు. అందుకని వాళ్ళకి తెలీదు. తెలిస్తే పోస్తారా? టీచర్‌ని అడుగు, పాఠంలో ఉంది" అంది. నిజం చెప్పనా, ఆ మాట పుస్తకంలో లేదు. జ్వరం తగ్గి పరీక్ష రాయడానికి వచ్చిన రోజు నీ జాబులోది నేను చెప్పాను.

రత్తయ్య గారు కూతురి వంక చూసాడు. తర్వాత మా వంక చూసి, "సరే, ఎల్లండి" అన్నాడు. అంతే. కానీ గొంతు దిగింది.

బస్సులో అమ్మ, "ఆ మాట ఏందే, వాహకులు? బాగుంది. ఏదో బిరుదులాగా ఉంది" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఇన్నాళ్ళకి.

భారతీ, స్నేహితురాలిగానా, ఆసుపత్రి మనిషిగానా అని ఆ రోజు నిన్ను అడిగినందుకు సిగ్గుపడుతున్నాను.

నీ షాజాది


జగ్గయ్యపేట,
12-6-1979

ప్రియమైన భారతికి,

బిళ్ళలు పూర్తయ్యాయి. ఒక్కటి మానలేదు. పది రోజులకే "నాకు బాగానే ఉంది, ఇంకెందుకు?" అంటుందేమోనని భయపడ్డాను. నువ్వు రాసింది చదివి వినిపించాను, సగంలో ఆపితే మిగిలిన క్రిములు మందుకి రాటుదేలతాయని. అప్పటినుంచి గడియారం కంటే ముందు ఆమే లేచి మింగుతోంది. "అద్దె ఇవ్వకుండా పన్నెండేళ్ళున్నాడు, వీణ్ణి సామాన్లతో సహా పంపాల" అంటుంది.

వంట నేనే చేస్తున్నాను. అమ్మ పీట వేసుకుని కూర్చుని తప్పులు పడుతుంది. నిన్న పప్పులో ఉప్పు ఎక్కువైతే, "ఇంతకంటే టైఫాయిడ్ నయం" అంది. కుట్టుమిషను మీద పిల్లలకి పుస్తకాల సంచులు కుడుతోంది. ఇంటికి వచ్చినవాళ్ళందరి చేత సబ్బుతో చేతులు కడిగిస్తోంది. పోస్టుమాన్‌ని కూడా వదల్లేదు.

ఇక క్రిమి పోయిందో లేదో చూడటానికి నువ్వు చెయ్యాల్సిన మూడు పరీక్షలు. ఎప్పుడొస్తావు?

షాజాది


నందిగామ,
21-8-1979

పిన్నీ! షాజాదీ!

మూడో పరీక్ష కాగితం కూడా వచ్చింది. లేదు! మొదటిదానిలో లేదు, రెండోదానిలో లేదు, మూడోదానిలో లేదు. గుంటూరు కవరు చించేటప్పుడు చేతులు ఆడక కాగితం సగం చిరిగింది. చదివి డాక్టరు గారి గదిలోకి పరిగెత్తాను. లోపల పేషెంటు ఉన్న సంగతి కూడా చూసుకోలేదు. ఆయన కళ్ళజోడు తీసి, "ఆ తల్లి షర్బత్ నాకూ ఒక గ్లాసు పంపమను" అన్నారు. ఇంతకంటే ధీమాగా చెప్పాలంటే ఇంకేం రాయాలి?

ఇకముందు కూడా ఏడాదికోసారి పరీక్ష చేయిస్తాను. మరిగించి చల్లార్చిన నీళ్ళే వాడాలి, సబ్బు మానకూడదు, సబ్జా గరిటెతోనే కలపాలి. ఇవి వాహకులకే కాదు, అందరికీ.

రంజాన్ పండక్కి వస్తున్నాను. సేమ్యా పిన్నే చెయ్యాలి. షాజాది చేస్తే నేను బస్సు దిగను.

భారతి


జగ్గయ్యపేట,
3-9-1979

ప్రియమైన భారతికి,

పండక్కి నువ్వు తిన్న మూడు గిన్నెల సేమ్యా సంగతి అమ్మ వీధంతా చెప్పింది. ఇవాళ్టి సంగతి నేను చెప్తాను.

భాద్రపదం ఎండ మాడ్చేస్తోంది. హెడ్మాస్టరు గారే కబురు చేసారు, "వలీబీ గారిని గేటు దగ్గర పెట్టుకోమను" అని. అమ్మ రాత్రే నీళ్ళు మరిగించి పెట్టుకుంది. పొద్దున కొత్త కుండ, గరిటె, సబ్బు, చేతులు కడగడానికి ఒక బకెట్టు పట్టుకుని వెళ్ళింది. ఇంటర్వెల్ గంట కొట్టారు. పిల్లలు పరుగెత్తుకొచ్చి, కుండకి నాలుగడుగుల దూరంలో ఆగిపోయారు. ఎవరూ ముందుకి రాలేదు. ఇళ్ళల్లో ఏం చెప్పి పంపారో మరి. అమ్మ గ్లాసు నింపి పట్టుకుంది. పట్టుకునే ఉంది. నేను వరండాలో నిలబడి చూస్తున్నాను.

ఆ వేళకి చిల్లకల్లు బస్సు ఆగింది. రత్తమ్మ దిగింది. కూతురికి అన్నం క్యారేజి తెచ్చింది. పుష్పవతి తల్లిని చూడగానే ధైర్యం వచ్చినట్టుంది, ముందుకి వచ్చి గ్లాసు కోసం చెయ్యి చాపింది. రత్తమ్మ గబగబా వచ్చి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

అమ్మ మొహం చూడలేక నేను కళ్ళు దించుకున్నాను.

"ముందు నాకియ్యి" అంది రత్తమ్మ.

క్యారేజి కింద పెట్టింది. బకెట్లో చేతులు సబ్బు పెట్టి కడుక్కుంది. గ్లాసు అందుకుని, ఆగకుండా, అడుగున సబ్జా కూడా మిగలకుండా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. పిల్లలంతా ఆమె మొహం వంకే చూస్తున్నారు.

"నిమ్మకాయ తక్కువైంది వలీబీ" అంది.

అమ్మ "నా షర్బత్‌కి వంక పెట్టేదానివా నువ్వు!" అని నవ్వింది చూడూ, వరండా దాకా వినపడింది. ఇంకో నిమ్మకాయ కోసి కుండలో పిండింది. అప్పుడు రత్తమ్మ రెండో గ్లాసు తన చేత్తో తీసుకుని కూతురికి ఇచ్చింది. మిగతా పిల్లలు బకెట్టు చుట్టూ మూగి, సబ్బు కోసం ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు.

గంట మళ్ళీ కొట్టినా ఒక్కరూ కదల్లేదు. నేను పిలవలేదు.

నీ
షాజాది